సవతి పేరు రెడ్‌సాక్స్

బాస్టన్‌లోని ఫెన్‌వే పార్కులో మ్యాచ్ నడుస్తోంది. గ్యాలరీలో లిండ్సీ ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకుంటోంది. బ్యాటు అంచున తగిలి దారి తప్పిన బంతి ఒకటి దూసుకువచ్చి సరిగ్గా ఆమె తలకు తగులుతుంది. కూర్చున్న చోటే స్పృహ తప్పుతుంది. పక్క సీట్లో ఉన్న ప్రియుడు బెన్ మాత్రం బంతి తమ వైపే వచ్చిందన్న సంబరంలో చుట్టుపక్కల వాళ్ళతో కలిసి కేరింతలు కొడుతుంటాడు. ఆమె పడిపోయిందన్న సంగతి అతని బుర్రకెక్కడానికి కాసేపు పడుతుంది.

2005లో వచ్చిన ‘ఫీవర్ పిచ్’ అనే హాలీవుడ్ ప్రేమ హాస్య చిత్రంలో ఇదొక నవ్వుల సన్నివేశం. నవ్వు వస్తుంది కూడా. అది సద్దుమణిగాక ఒక చిక్కు ప్రశ్న మిగులుతుంది: ఇంతకీ ఈ అబ్బాయి చేసిన తప్పేమిటి? అతను తాగుబోతు కాదు, అబద్ధాలకోరు కాదు, మరో అమ్మాయి వెంట తిరుగుతున్నవాడూ కాదు. లిండ్సీకి సవతి ఉన్న మాట నిజమే గానీ, జుట్టు పట్టుకుని నిలదీద్దామంటే ఆ సవతికి తలే లేదు. ఆమె ఒక బేస్‌బాల్ జట్టు. పేరు బాస్టన్ రెడ్‌సాక్స్.

ప్రేమ హాస్య చిత్రాల్లో జంట కలవకుండా అడ్డుపడేది సాధారణంగా ఒక అపార్థం, ఒక ప్రత్యర్థి, లేదంటే పెద్దల పట్టుదల. అపార్థం తొలగితే కథ కంచికి చేరుతుంది. వీరాభిమాని కథలో ఆ సౌలభ్యం లేదు. అడ్డుగోడ ప్రియుడి లోపలే ఉంది. పైగా ఏ గుణాన్ని చూసి ఆమె అతన్ని ఇష్టపడిందో ఆ గుణంతోనే ఆ గోడ కట్టారు. ఓడినా గెలిచినా వదలని విశ్వాసం, చిన్న చిన్న విషయాలు కూడా గుర్తుపెట్టుకునే శ్రద్ధ, సిగ్గుపడకుండా ఏడవగల మనసు. మనిషి మీద చూపిస్తే వీటిని ప్రేమ అంటారు. జట్టు మీద చూపిస్తే పిచ్చి అంటారు.

ఈ కథ పుట్టింది అమెరికాలో కాదు. ఇంగ్లండ్ రచయిత నిక్ హార్న్‌బీ 1992లో ఇదే పేరుతో ఒక పుస్తకం రాశాడు. అది నవల కాదు, లండన్ ఫుట్‌బాల్ జట్టు ఆర్సెనల్‌కు తాను బానిసైన తీరు గురించిన ఆత్మకథ. తల్లిదండ్రులు విడిపోయిన కాలంలో, 1968లో, తండ్రి అతన్ని తొలిసారి ఆర్సెనల్ మ్యాచ్‌కు తీసుకెళ్ళాడు. మాట్లాడుకోవడానికి ఏమీ మిగలని తండ్రీకొడుకులకు ఆ తొంభై నిమిషాలు ఒక ఆసరా అయ్యాయి. ఆ పుస్తకాన్ని 1997లో హార్న్‌బీయే స్క్రీన్‌ప్లేగా మలచగా కాలిన్ ఫర్త్ నాయకుడిగా బ్రిటన్‌లో సినిమా వచ్చింది. ఎనిమిదేళ్ళకు హాలీవుడ్ దర్శకులు ఫారెలీ సోదరులు దాన్ని బాస్టన్‌కు తరలించారు. జిమ్మీ ఫాలన్, డ్రూ బారీమోర్ జంట. ఫుట్‌బాల్ పోయి బేస్‌బాల్ వచ్చింది. బ్రిటన్‌లో ఆ పేరు ముందే వాడేసి ఉండటంతో అక్కడ దీన్ని ‘ది పర్‌ఫెక్ట్ క్యాచ్’ అనే పేరుతో విడుదల చేశారు.

ఆట మారితే ఏముంది, పిచ్చి ఒకటే కదా అనిపించవచ్చు. కానీ ఇక్కడ కథను నడిపించేది క్యాలెండర్, రెండు ఆటలకూ అదే తేడా. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పై శ్రేణిలో ఒక జట్టు ఏడాదికి ఆడేది 38 లీగ్ మ్యాచులు, వాటిలో సొంత మైదానంలో 19. అమెరికా బేస్‌బాల్ లీగులో ఒక్కో జట్టు 162 మ్యాచులు ఆడుతుంది, 81 సొంత మైదానంలో. మార్చి చివర లేదా ఏప్రిల్ మొదటి నుంచి సెప్టెంబర్ చివరి దాకా వారానికి సుమారు ఆరు రోజులు ఆటే. అదృష్టం బాగుంటే అక్టోబర్ అంతా ప్లేఆఫ్‌లు. ఫుట్‌బాల్ అభిమానికి జట్టు వారాంతాల్లో వచ్చే చుట్టం లాంటిది. బేస్‌బాల్ అభిమానికి అది ఇంట్లో మనిషి, దానితో కాపురం చేయాల్సిందే. సినిమా ఈ తేడాను బాగా పసిగట్టింది.

అందుకే బెన్, లిండ్సీల పరిచయం ఆటలు ముగిసే అక్టోబర్ రోజుల్లో మొదలవుతుంది. అతను బడిలో లెక్కల మాస్టారు. తెలివైన పిల్లలను ఆమె ఆఫీసు చూపించడానికి తీసుకువస్తాడు. మొదటిసారి బయటికి వెళ్దామనుకున్న రోజున ఆమెకు తిన్నది పడక వాంతులు. వచ్చినవాడు వెనక్కి వెళ్ళిపోడు. ఆమెను పడుకోబెట్టి, గొణుక్కోకుండా స్నానాలగది కడిగి, కుక్కపిల్ల పళ్ళు కూడా తోమి, రాత్రంతా సోఫా మీద ఉండిపోతాడు. ఇంత ఓపిక ఉన్నవాడికి ముప్ఫై ఏళ్ళ వయసులో ఇంకా పెళ్ళి కాలేదంటే ఏదో లొసుగు ఉండి ఉంటుందని లిండ్సీ స్నేహితురాళ్ళు అనుమానిస్తారు. లొసుగు ఉంది, వసంతం వచ్చేదాకా బయటపడదు. ఆమె తల్లిదండ్రులను కలవాల్సిన సెలవు రోజుల్లో అతను ఫ్లోరిడాలో జట్టు సాధన శిబిరం దగ్గర ఉంటాడు, టీవీ కెమెరా ముందు వెర్రి కేకలు వేస్తూ ఆ తల్లిదండ్రుల కంటబడతాడు. చలికాలంలో ఆమె ప్రేమించిన మనిషి ఒకడు, వేసవిలో ఆమెకు దక్కిన మనిషి ఇంకొకడు. ఇద్దరి పేరూ బెన్ కావడమే ఆమె కష్టం.

వేసవి బెన్ ఎక్కడి నుంచి వచ్చాడో సినిమా మొదట్లోనే చూపిస్తారు. ఏడేళ్ళ వయసులో మేనమామ కార్ల్ అతన్ని ఫెన్‌వేకు తీసుకెళ్తాడు. కొత్త ఊరు, స్నేహితులు లేరు, ఇంట్లో తండ్రి లేడు. ఆ మైదానం అతనికి ఊరైంది, వెనుక వరుసల్లోని వాళ్ళు బంధువులయ్యారు. చనిపోతూ మేనమామ తన సీజన్ టికెట్లను అతనికి వదిలివెళ్తాడు. ఫెన్‌వే సంగతి తెలియనివారికి ఇది వింత ఆస్తిలా కనిపిస్తుంది. 1912లో తెరిచిన ఆ మైదానం చిన్నది. ఎడమవైపు 37 అడుగుల ఎత్తున పచ్చటి గోడ నిలబడి ఉంటుంది, దాన్ని అభిమానులు గ్రీన్ మాన్‌స్టర్ అంటారు. 2003 మే నెల నుంచి 2013 ఏప్రిల్ దాకా అక్కడ ప్రతి మ్యాచ్‌కూ టికెట్లన్నీ అమ్ముడైపోయాయని జట్టు లెక్క. అలాంటి చోట డగౌట్‌కు దగ్గర్లో రెండు కుర్చీలంటే బెన్ స్నేహితులు వాటి కోసం అతని ముందు గంతులేయడానికైనా సిద్ధపడతారు. సినిమాలో నిజంగానే వేయిస్తాడు.

ఇది హార్న్‌బీ కథలోని గాయమే, కాస్త మెత్తబడి వచ్చింది. తండ్రి స్థానంలో మేనమామ వచ్చాడు, చలికి వణికే లండన్ మధ్యాహ్నం స్థానంలో ఎండకాసే బాస్టన్ వచ్చింది. లోపల కారణం మాత్రం అదే. మనుషులు వెళ్ళిపోతారు, జట్టు వెళ్ళిపోదు. వచ్చే ఏడాది ఏప్రిల్‌లో అదే గడ్డి మీద, అదే దుస్తుల్లో మళ్ళీ కనిపిస్తుంది. వదిలేసి వెళ్ళే భయం ఒకసారి తగిలినవాడికి ఇంతకన్నా భద్రమైన ప్రేమ ఏముంటుంది? బెన్ శిక్షణ ఇచ్చే కుర్రవాడొకడు అతన్ని ఓ ప్రశ్న అడుగుతాడు. రెడ్‌సాక్స్‌ను నువ్వింతగా ప్రేమిస్తున్నావు కదా, వాళ్ళెప్పుడైనా నిన్ను తిరిగి ప్రేమించారా అని. బెన్ దగ్గర జవాబు ఉండదు. ఇది సినిమాకు కీలకమైన ప్రశ్నగా పెట్టారు గానీ, అందులో సగమే న్యాయం ఉంది. తిరిగి ప్రేమించదు కాబట్టే ఆ జట్టు అతనికి కావాలి. తిరిగి ప్రేమించేవాళ్ళు లెక్కలు అడుగుతారు, ఆలస్యమెందుకైందంటారు, పారిస్‌కు రమ్మంటారు. లిండ్సీ పని మీద వెళ్తూ నిజంగానే పారిస్‌కు రమ్మంటుంది. మ్యాచులున్నాయని అతను వెళ్ళడు.

అభిమానుల మనస్తత్వం మీద శాస్త్రం చెప్పిన గట్టి మాటల్లో ఒకటి 1976 నాటిది. మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్డీనీ బృందం అమెరికా విశ్వవిద్యాలయాల్లో పరిశీలించగా, తమ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు శనివారం గెలిస్తే సోమవారం కళాశాల గుర్తులున్న దుస్తులు వేసుకొచ్చే విద్యార్థులు ఎక్కువయ్యారు. గెలిచిన మ్యాచ్ గురించి అడిగితే ‘మనం గెలిచాం’ అన్నారు. ఓడిన మ్యాచ్ గురించి అడిగితే ‘వాళ్ళు ఓడారు’ అన్నారు. మరొకరి వెలుగులో చలికాచుకోవడం ఇది, అందరికీ తెలిసిన బలహీనతే. కానీ దీనితో బెన్ లాంటివాడు అర్థం కాడు. రెడ్‌సాక్స్ 1918లో బేస్‌బాల్ ఆఖరి పోరైన ప్రపంచ సిరీస్ గెలిచాక మళ్ళీ 2004 దాకా గెలవలేదు. చలికాచుకోవడానికే వచ్చినవాళ్ళయితే ఆ 86 ఏళ్ళలో ఎప్పుడో లేచి వెళ్ళిపోయేవారు.

బాస్టన్‌లో జరిగింది దానికి తలకిందులు. అక్కడ ఓటమే సభ్యత్వ రుసుము. 1919 చివర్లో జట్టు యజమాని హ్యారీ ఫ్రేజీ తన గొప్ప ఆటగాడు బేబ్ రూత్‌ను న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మేశాడు. ఆ పాపం శాపమై చుట్టుకుందన్న కథ తరవాత్తరవాత స్థిరపడింది, దానికి రూత్ ముద్దుపేరు మీద ‘బాంబీనో శాపం’ అని పేరు పెట్టారు. 1946, 1967, 1975, 1986. నాలుగుసార్లు ప్రపంచ సిరీస్ ఆఖరి ఏడో మ్యాచ్ దాకా లాక్కొచ్చి అక్కడ చేజార్చుకున్నారు. వీటిలో 1986 గాయం మరీ లోతు. ఆరో మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌లో బాస్టన్ రెండు పరుగుల ఆధిక్యంలో ఉంది, ప్రత్యర్థి మెట్స్ జట్టులో ఇద్దరు ఔటయ్యారు, ఇంకొక్కరు ఔటైతే కప్పు చేతికొచ్చినట్టే. అక్కడి నుంచి స్కోరు సమమైంది. ఆ తర్వాత నేల మీద నింపాదిగా దొర్లుతూ వచ్చిన బంతి బాస్టన్ ఫీల్డర్ బిల్ బక్నర్ కాళ్ళ సందులోంచి జారిపోయింది. లిండ్సీ దూరమైనప్పుడు బెన్ గదిలో కూర్చుని మళ్ళీ మళ్ళీ చూసుకునేది ఈ పాత టేపునే. ప్రేమ విఫలమైనవాడు ప్రియురాలి ఫోటో చూసుకుంటాడు గానీ, ఇతను పద్దెనిమిదేళ్ళ కిందటి ఓటమిని తవ్వి తీసుకుంటాడు. అతనికి తెలిసిన దుఃఖభాష అదొక్కటే. సినిమా మొత్తంలో ఇంత చురుకైన పరిశీలన మరొకటి ఉందో లేదో.

ఇలాంటి కట్టుబాటు ఎందుకు తెగదో చెప్పడానికి పావురాలు పనికొస్తాయి. ముక్కుతో బిళ్ళను పొడిచిన ప్రతిసారీ గింజలు పడితే, గింజలు ఆగిన కాసేపటికే పావురం పొడవడం మానేస్తుంది. ఎప్పుడు పడతాయో తెలియకుండా అప్పుడప్పుడు పడితే విడవకుండా పొడుస్తూనే ఉంటుందని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. ఎప్పుడూ ఓడే జట్టుకు ఇంతమంది భక్తులు ఉండరు. అంచు దాకా వచ్చి ఓడే జట్టుకు ఉంటారు. దీన్ని శరీరం కూడా ఆటగా తీసుకోదు. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగినప్పుడు, జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండె సంబంధిత అత్యవసర కేసులు మామూలు రోజుల కంటే రెండున్నర రెట్లకు మించి పెరిగాయని 2008లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ‘ఆటే కదా, ఎందుకంత’ అనే మాట వీరాభిమానికి చెవికెక్కకపోవడం మొండితనం ఒక్కటే కాదు.

బెన్‌కు తప్పెక్కడ తెలిసి వస్తుందన్నది సినిమాలో అన్నిటికన్నా బలమైన ఘట్టం. ఒకసారి లిండ్సీ కోసం అతను యాంకీస్‌తో మ్యాచ్ వదులుకుంటాడు. ఇద్దరూ ఒక విందుకు వెళ్తారు, మనసారా నాట్యం చేస్తారు, రాత్రి ఇంటికొస్తారు. తన జీవితంలో ఇంత మంచి రాత్రి లేదని అతనే ఆమెతో అంటాడు. అబద్ధం కాదు, ఆ క్షణాన అతని ముఖంలో అది కనిపిస్తుంది. అంతలో స్నేహితుడి ఫోను. ఓటమి ఖాయమనుకున్న మ్యాచ్‌ను రెడ్‌సాక్స్ ఆఖరి ఇన్నింగ్స్‌లో తిప్పేసి గెలిచారు. ఇన్నేళ్ళలో ఒక్క మ్యాచ్ వదులుకుంటే అదే చరిత్రలో నిలిచే మ్యాచ్ అయింది. బెన్ అక్కడికక్కడే మారిపోతాడు. పడక మీద ఉన్న మనిషిని మరిచిపోయి తిట్టుకుంటాడు, గది అంతా తిరుగుతాడు, పోగొట్టుకున్నదాన్ని తలుచుకుని కుమిలిపోతాడు.

ఇక్కడ లిండ్సీని నొప్పించేది అతను మ్యాచ్‌ను ప్రేమించడం కాదు. రెండు నిమిషాల ముందు తనకు దక్కిన ‘జీవితంలోకెల్లా మంచి రాత్రి’ అన్న బిరుదు ఒక్క ఫోనుతో రద్దయిపోవడం. ఆమెతో గడిపిన గంటలు అతని లెక్కలో ఒక్కసారిగా ఖర్చు ఖాతాలోకి వెళ్ళాయి. ప్రేమలో త్యాగం చేసి, ఆ త్యాగం ధర ఎంతో అవతలివాళ్ళకు తెలిసేలా చేస్తే అది త్యాగం కాదు, అప్పు. బంతి తగిలి స్పృహ తప్పిన సన్నివేశంలో అతను ఆమెను చూడలేదు. ఈ సన్నివేశంలో చూసి కూడా తక్కువ కట్టాడు. మొదటిది నవ్వించి వదిలేస్తుంది, రెండోది కథను విరుస్తుంది. నిజానికి ఆ నవ్వుల సన్నివేశం ఈ విరుపుకే పునాది.

లిండ్సీ వైపు కథను మాత్రం సినిమా సగంలో వదిలేసింది. ఆమె ఉద్యోగం కూడా ఒక జట్టే. గ్యాలరీలో కూర్చుని కూడా ల్యాప్‌టాప్ మూయలేని మనిషి ఆమె, పదోన్నతి కోసం నెలల తరబడి పరుగెడుతుంది. తనకు పని ఎక్కువ కాబట్టే అతనికి ఆట ఎక్కువైనా ఫరవాలేదని మొదట్లో లెక్కేసుకుంటుంది కూడా. రెండు వ్యామోహాలు ఎదురెదురుగా కూర్చుని ఒకదాన్నొకటి చూసుకునే అవకాశం అక్కడ ఉంది. ఒకరి పిచ్చికి జీతం వస్తుంది, లోకం దాన్ని కృషి అంటుంది. రెండోవారి పిచ్చికి టికెట్ డబ్బులు పోతాయి, లోకం నవ్వుతుంది. ఈ దారిలో ఇంకో పది నిమిషాలు నడిచి ఉంటే చిత్రం మరో మెట్టు ఎక్కేది. నడవలేదు.

బెన్ మారడానికి దోహదం చేసే చిన్న ఘట్టం ఒకటి ఉంది. ఘోరమైన ఓటమి తర్వాత అతనూ స్నేహితులూ ఒక హోటలుకు వెళ్తే, అక్కడ రెడ్‌సాక్స్ ఆటగాళ్ళే కూర్చుని నింపాదిగా భోజనం చేస్తుంటారు. ఓడినవాళ్ళు తింటున్నారు, చూసినవాళ్ళకు ముద్ద దిగడం లేదు.

ఇక ముగింపు. ఇక్కడ సినిమా చేతిలోంచి కథ జారి చరిత్ర చేతిలో పడింది. 1997 నాటి బ్రిటిష్ చిత్రానికి ఈ బెడద లేదు. అది 1988–89 సీజన్ కథ. 1989 మే 26న లివర్‌పూల్ మైదానంలో రెండు గోల్స్ తేడాతో గెలిస్తేనే ఆర్సెనల్‌కు కప్పు, ఆట ముగిసే క్షణాల్లో మైకేల్ థామస్ ఆ రెండో గోల్ కొట్టాడు. ఎనిమిదేళ్ళ కిందట ముగిసిన సంగతిని దగ్గర పెట్టుకుని స్క్రిప్టు రాసుకున్నారు. ఫారెలీ సోదరులు మాత్రం జరుగుతున్న సీజన్ మధ్యలో షూటింగ్ చేశారు. ఎప్పటిలాగే రెడ్‌సాక్స్ చివర్లో ఓడతారని, ఓడినా బెన్ పక్కన లిండ్సీ ఉంటుందని కథ అల్లుకున్నారు. 86 ఏళ్ళ ఆనవాయితీ చూసి వేసిన అంచనా అది, తప్పుబట్టడానికేమీ లేదు.

2004 అక్టోబర్‌లో ప్రపంచ సిరీస్‌లో చోటు కోసం యాంకీస్‌తో జరిగిన ఏడు మ్యాచుల పోరులో మొదటి మూడూ బాస్టన్ ఓడింది, మూడోది ఏకంగా 19–8తో. స్క్రిప్టు సరిగ్గా నడుస్తోంది. నాలుగో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ 4–3 ఆధిక్యంలో ఉంది, బంతి ఆ జట్టు బౌలర్ (పిచర్) మరియానో రివేరా చేతిలో ఉంది. బదులు పరుగుకు దిగిన డేవ్ రాబర్ట్స్, రివేరా బంతి విసురుతుండగానే మొదటి బేస్ నుంచి పరుగెత్తి రెండో బేస్‌ను వెంట్రుకవాసిలో ‘దొంగిలించాడు’. బిల్ మ్యూలర్ కొట్టిన బంతికి అతను పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ చేరి స్కోరు సమం చేశాడు. అర్ధరాత్రి దాటాక పన్నెండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్. ఆ మ్యాచ్‌తో మొదలుపెట్టి వరుసగా నాలుగు గెలిచారు. మూడు మ్యాచులు వెనకబడి ఏడు మ్యాచుల సిరీస్ గెలవడం మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అప్పటిదాకా ఎవరికీ చేతకాలేదు. తర్వాత సెయింట్ లూయిస్ జట్టును 4–0తో ఊడ్చేశారు. అక్టోబర్ 27న ఆఖరి మ్యాచ్ జరుగుతుండగా ఆకాశంలో సంపూర్ణ చంద్రగ్రహణం. శాపం తొలగడానికి ఇంతకు మించిన నేపథ్యాన్ని ఏ స్క్రిప్టు రచయితా రాయడానికి సాహసించడు. ఫాలన్, బారీమోర్ ఇద్దరూ ఆ రాత్రి సెయింట్ లూయిస్ మైదానంలోనే ఉన్నారు. సంబరాల మధ్యకు పరుగెత్తి ముద్దు పెట్టుకున్నారు, కెమెరా తిరిగింది, కొత్త ముగింపు దొరికింది.

నిర్మాతలకు ఇది లాటరీ. కథకు మాత్రం కాస్త నష్టమే జరిగింది. ఓడే జట్టును ప్రేమించడం, లాభం లేని చోట నిలబడటం, ఆ అలవాటే మనిషిని ప్రేమించడానికి పనికిరావడం అన్న దారిలో కథ నడిచింది. అలాంటి కథలో చివరికి జట్టూ గెలిచి అమ్మాయీ దక్కితే నాయకుడు దేన్నీ వదులుకోనక్కర్లేకపోయింది. వదులుకోబోయాడన్నది నిజం. యాంకీస్‌తో ఆ నాలుగో మ్యాచ్ జరుగుతుండగా మేనమామ టికెట్లను అమ్మేసే ఒప్పందం మీద సంతకం పెట్టడానికి సిద్ధపడతాడు. ఆ సంగతి తెలిసి లిండ్సీ గ్యాలరీ మీంచి మైదానంలోకి దూకి, కాపలాదారులను తప్పించుకుంటూ, ఆటగాళ్ళ మధ్యలోంచి అడ్డంగా పరుగెత్తుకొచ్చి ఆ కాగితాన్ని చింపేస్తుంది. దృశ్యం అద్భుతంగా ఉంటుంది, సందేహం లేదు. కానీ అతను ఇవ్వబోయినది అతని దగ్గరే ఉండిపోయింది. గడ్డి మీద పరుగెత్తిందీ, వేలమంది ముందు పరువు పణంగా పెట్టిందీ, పోలీసుల చేతికి చిక్కిందీ ఆమె. అభిమానులు చేసే వెర్రి పని ఆ సినిమాలో చివరికి అభిమాని కాని మనిషి చేసింది. దీన్ని ప్రేమ అనుకోవచ్చు, అంటువ్యాధి అని కూడా అనుకోవచ్చు. అంచనా వేసినట్టే జట్టు ఓడిపోయి ఉంటే, ఓటమి రాత్రి టీవీ కట్టేసి బెన్ ఆమె వైపు తిరిగే ఒక్క సాదా షాటుతో ఈ లెక్క సరిపోయేది.

సినిమా 2005 ఏప్రిల్ 8న విడుదలైంది. అప్పటికి కొత్త సీజన్ మొదలై అయిదు రోజులైంది, తొలి మ్యాచ్‌లో యాంకీస్ చేతిలో రెడ్‌సాక్స్ ఓడిపోయింది కూడా. మరో మూడు రోజులకు, ఏప్రిల్ 11న, అదే యాంకీస్ చూస్తుండగా ఫెన్‌వేలో ఛాంపియన్ల ఉంగరాలు పంచి, విజయపతాకం ఎగరేశారు. ఆ ఏడాది సొంత మైదానంలో అది మొదటి మ్యాచ్. ఇంకా ఎనభై ఉన్నాయి.